తూటా పెట్టిన చెయ్యి

నేను ఇక కోర్టుకు రానక్కరలేదని చెప్పడానికి పోయిన నెలలో ఒక కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. ముద్దాయి మరణించాడు కాబట్టి కేసు మూసేస్తారనీ, సాక్షుల అవసరం లేదనీ మర్యాదగా వివరించాడు. ఆ కబురు నాకు చేర్చడం అతని విధి. అప్పటికి మూడు రోజుల ముందే ఆ ముద్దాయి నోట్లో నేను తులసి నీళ్ళు పోసి ఉన్నాను. ఫోన్ పెట్టేశాక నాకు ముందుగా కలిగింది దుఃఖం కాదు, ఊరట. ఇన్నేళ్ళుగా ఏ ప్రశ్నకు భయపడుతూ వచ్చానో దాన్ని ఇక ఎవరూ వేయరు. ఆ ఊరటకు సిగ్గుపడి ఇది రాస్తున్నాను. ఆ ఇంటివాళ్ళను అడిగే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను.

ఆయన సిద్దిపేటలో ఒక బ్యాంకు గేటు దగ్గర తుపాకితో కూర్చునే గార్డు. సైన్యం నుంచి వచ్చాక సొంత లైసెన్సు మీద రెండు గొట్టాల తుపాకి కొనుక్కుని ఆ కొలువులో చేరాడు. భార్య ఎప్పుడో పోయింది. కొడుకు, కోడలు, మనవరాలితో మా ఇంటి కింది వాటాలో కిరాయికి ఉండేవాడు. కొడుకుది బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం. నేను ఆయనను తాతా అని పిలిచేదాన్ని. ముసలివాణ్ణి చేస్తున్నావని మొదట్లో విసుక్కునేవాడు, తర్వాత అలవాటు పడ్డాడు.

తలచుకుంటే ముందు ఆయన రెండు వేళ్ళు గుర్తొస్తాయి. ఏ వస్తువు కొనయినా మనిషివైపు చూస్తుంటే ఆయన చూపుడువేలూ మధ్యవేలూ కలిపి ఆ కొనను నేలవైపు వంచేవాడు. గొడుగు కానీ, చీపురు కానీ, జాతరలో కొన్న ప్లాస్టిక్ తుపాకి కానీ ఆయనకు ఒకటే. ఒకసారి మా అమ్మ రొట్టెల కర్ర పట్టుకుని నీళ్ళ ట్యాంకు గురించి ఆయనతో తగువు పెట్టుకుంది. ఆయన మాట మధ్యలో ఆ కర్ర కొనను కిందికి వంచి, "ఇగ తిట్టు చెల్లె" అన్నాడు. అమ్మకు నవ్వొచ్చి తగువు అక్కడితో ఆగిపోయింది.

ఆయన మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఒకటుంది. "ఖాళీ తుపాకి అనేది లోకంల లేదు బిడ్డా." సైన్యంలో చేరిన మొదటి వారమే నేర్పిన పాఠమట అది. ప్రతి తుపాకిలోనూ తూటా ఉందనే అనుకోవాలి. ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఆయన ఒక జవాను కథ చెప్పేవాడు. పక్కన కూర్చుని రొట్టె తింటున్న స్నేహితుణ్ణి, ఖాళీ అనుకున్న తుపాకి తుడుస్తూ కాల్చేశాడట. చనిపోయినవాడి నోట్లో రొట్టె ముక్క ఇంకా అలాగే ఉందట. ఆ కథను ఆయన ఎప్పుడూ అన్నం ముందే చెప్పేవాడు. కోడలు గిన్నె కింద పెట్టి, "మామా, గిప్పుడు గదే యాదికొచ్చిందా" అనేది. ఆమెను నేను వదినా అనేదాన్ని. కూర వేసేటప్పుడు గరిటెతో గిన్నె అంచు మీద టక్కుమని కొట్టే అలవాటు ఆమెకుంది. దానికీ ఆయన రెండు వేళ్ళు అడ్డం పెట్టేవాడు.

తుపాకి మరమ్మతు కోసం హైదరాబాద్ వెళ్ళిన వారంలో ఆయన బ్యాంకు ముందు మోకాళ్ళ మధ్య గొడుగు నిలబెట్టుకుని కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదని తర్వాత నాతో చెప్పాడు. ఇంట్లో ఆ తుపాకి పాత చీర ముక్క చుట్టుకుని గోడకు రెండు మేకుల మీద ఉండేది. తూటాలు వంటింటి అటక మీద పప్పు డబ్బాలో ఉండేవి. ఏ పెట్టే లేదు, ఏ తాళమూ లేదు.

నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా అంతర్ కళాశాలల వాదపోటీలో ఒక అంశం వచ్చింది. పిల్లలున్న ఇళ్ళలో లైసెన్సు తుపాకిని తాళం వేసిన ఇనుప పెట్టెలోనూ, తూటాలను మరో చోటా ఉంచాలి. అలా ఉంచకపోతే యజమానిని జైలుకు పంపే ప్రత్యేక చట్టం రావాలి. అది అంశం. చీటీ తీస్తే నాకు వ్యతిరేక పక్షం వచ్చింది. నమ్మినదాన్నే వాదించాలనే నియమం మాకు లేదు. అయినా నమ్మకుండా వాదించడం నాకు చేతకాదు. అందుకని నమ్మకం కోసం కింది వాటాకు వెళ్ళాను.

ఆయన నా వాదనలకు పుట్టిల్లయ్యాడు. సాయంత్రాలు మా డాబా మీద ఈల పట్టుకుని కూర్చుని నాకు సమయం లెక్కపెట్టేవాడు. తాళం వేసిన తుపాకి తుపాకి కాదు, కట్టె అనేవాడు. దొంగ వస్తే తాళంచెవి ఎక్కడుందో వాణ్ణే అడగాలా అనేవాడు. ఇప్పుడున్న నిబంధనల్లోనే తుపాకిని భద్రంగా ఉంచుకోవాలని రాసి ఉందనీ, దాన్ని చూడటానికి ఇన్నేళ్ళలో ఒక్క పోలీసూ తన గడప తొక్కలేదనీ చెప్పి నవ్వేవాడు. పక్కనే ఆరేళ్ళ మనవరాలు ఆయన ఈలను లాక్కోవాలని చూస్తుండేది. నేను ఆ పిల్లను చూపించి, మరి ఇంట్లో చిన్నపిల్ల ఉంది కదా అని అడిగాను.

"నేనున్న గదా" అన్నాడు.

ఆ రెండు మాటల మీద నా వాదనంతా కట్టాను. చట్టం మనిషికి తాళం ఇవ్వగలదు కానీ జాగ్రత్తను ఇవ్వలేదని, ఇంటిపెద్ద మెలకువను మించిన పెట్టె లేదని అన్నాను. ఇంకొక అడుగు ముందుకు వేసి, ఒకవేళ ఇంట్లో ఘోరం జరిగితే ఆ యజమానికి తన దుఃఖమే శిక్ష అని, గాయపడ్డవాణ్ణి మళ్ళీ జైల్లో వేయడం నాగరికత కాదని అన్నాను. ఎదుటి పక్షం అమ్మాయి సన్నని గొంతుతో, జాగ్రత్తపరుడు మరిచిపోయే ఒక్క రోజు కోసమే చట్టం ఉండేది అంది. ఆ ఒక్క రోజు ఏదో ముందే చెబితే పోలీసులు వచ్చి కాపలా కాస్తారు అన్నాను. సభ నవ్వింది. మొదటి బహుమతి నాకు వచ్చింది. ఆయన ఆ కప్పును బ్యాంకుకు తీసుకెళ్ళి, పాసు పుస్తకాలతో వచ్చినవాళ్ళందరికీ చూపించాడు.

ఆ పోటీకి ముందు మరొకటి జరిగింది. తుపాకి ఏం చేస్తుందో చూడకుండా దాని గురించి ఎలా మాట్లాడతావని ఆయన ఒక ఆదివారం నన్ను రాయపోల్ దగ్గరి ఒక ఊరికి తీసుకెళ్ళాడు. మక్కజొన్న చేలను అడవిపందులు తొక్కేస్తుంటే పంచాయతీవాళ్ళు అప్పుడప్పుడు ఆయనను పిలిపించేవారు. పొద్దువాలేవేళ ఒక పంది గట్టు దాటింది. ఆయన కాల్చాడు. దెబ్బ తల మీద తగలకుండా వెనకభాగంలో తగిలింది. అది చావలేదు. ముందుకాళ్ళతో తనను తాను ఈడ్చుకుంటూ, పేగులు మక్కమోళ్ళకు చుట్టుకుపోతుంటే, మనిషి గొంతులాంటి గొంతుతో అరిచింది. నేను చెవులు మూసుకున్నాను. ఆయన నా మణికట్టు పట్టుకుని దాని దగ్గరికి నడిపించాడు. గొట్టాన్ని దాని చెవి దగ్గర పెట్టి రెండోది కాల్చాడు. నా చెప్పుల మీద పడినదాన్ని చూసి నేను వాంతి చేసుకున్నాను.

ఆయన తన కండువా తడిపి నా మొహం తుడిచాడు. "కాల్చినోడు దగ్గరికి పోయి సూడాలె బిడ్డా. దూరంకెళ్ళి కాల్చి ఇంటికి పోతె అది ఆట అయితది" అన్నాడు.

ఇంత తెలిసిన మనిషి చేసిన తప్పును చెప్పాలంటే మా ఇళ్ళలోని ఒక పట్టింపు గురించి చెప్పాలి. మేం దేవుడి ముందు ఖాళీది ఏదీ పెట్టం. చెంబు పెడితే అందులో నీళ్ళుండాలి, చాట పెడితే గుప్పెడు బియ్యమైనా ఉండాలి. దసరానాడు పనిముట్లకు పూజ చేసేటప్పుడూ అంతే. దర్జీ మిషన్‌లో దారం ఉంచుతాడు, ట్రాక్టరు ట్యాంకులో ఆయిలు ఉంటుంది. ఆయన ప్రతి దసరాకూ తుపాకి కుడి గొట్టంలో ఒక తూటా పెట్టి, మూసి, పేలకుండా ఆపే సేఫ్టీ గుండీని వెనక్కి లాగి, పీట మీద ఎర్రబట్ట పరచి దాన్ని పడుకోబెట్టేవాడు. పూజయ్యాక తీసేసేవాడు. ఖాళీ తుపాకి లోకంలో లేదని చెప్పిన మనిషే, ఖాళీ తుపాకిని పూజకు పెట్టకూడదని నమ్మాడు. ఈ రెండు నమ్మకాలూ ఆయనలో ఒకదానినొకటి ఎన్నడూ ప్రశ్నించుకోలేదు. ప్రశ్నించడమే పనిగా పెట్టుకున్న నేను కూడా, ఏటేటా ఆ పీట ముందు నిలబడి ప్రసాదం తిన్నదాన్నే, ఒక్కసారి అడగలేదు.

ఆ దసరా నేను పోటీ గెలిచిన నెలకు వచ్చింది. కొడుకు తన దుకాణంలో పూజకు వెళ్ళాడు. ఆయన హారతి ఇచ్చి, కొబ్బరికాయ కొట్టి, స్కూటర్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి వాకిట్లోకి వచ్చాడు. అదొక్క నిమిషం పని. నేను పైన డాబా మీద తల ఆరబెట్టుకుంటూ ఆయన స్కూటర్‌ను ముందుకు నెట్టడం చూశాను. నిమ్మకాయ చితికింది. అప్పుడు తుపాకి పేలింది.

మా డాబా మెట్లు వాళ్ళ వాటాలో పూజ చేసిన లోపలి గదిలోకే దిగుతాయి. అందుకే ఆయనకంటే ముందు నేను చేరాను. గదిలో కర్పూరం వాసన, దాని మీద కాలిన మందు వాసన. వదిన వంటింటి గడప మీద పడి ఉంది. హారతి పళ్ళెం తీయడానికి వంగినట్టుంది, దెబ్బ మెడమీద తగిలింది. దవడ సగం లేదు. గోడ మీద ఆమె వంగిన ఎత్తున మొదలై నేలదాకా జారిన ఎరుపు. బంతిపూలు తడిసి నల్లబడ్డాయి. పళ్ళెంలోంచి కిందపడ్డ కర్పూరపు బిళ్ళ ఆ తడిలోనే మండుతోంది. ఆమె కాలు ఒకటి రెండుసార్లు గడపను తన్నింది.

పీట పక్కన ఆ పిల్ల కూర్చుని ఉంది. తుపాకి ఒడిలో ఉంది. బొటనవేలికి కుంకుమ ఉంది.

తర్వాత ఎంతోకాలానికి, ముక్కలు ముక్కలుగా, ఏం జరిగిందో ఆ పిల్ల ఆయనకు చెప్పింది, ఆయన నాకు చెప్పాడు. అమ్మ తుపాకికి మూడు బొట్లే పెట్టింది. వెనకవైపు గుండీకి పెట్టలేదు, కింద కొక్కేలకు పెట్టలేదు. మరిచిపోయిందనుకుంది. దేవుడికి కోపం వస్తుందని తను పెట్టింది. సేఫ్టీ మీద గట్టిగా బొట్టు అద్దితే అది ముందుకు జరిగింది. తర్వాత ట్రిగ్గర్‌కు పెట్టింది.

ఆయన వచ్చాడు. చేతినుంచి నిమ్మరసం కారుతోంది. ముందు కోడలి దగ్గరికి వెళ్ళలేదు. తుపాకి తీసుకుని మధ్యలో మడిచి తెరిచి, కాలిన తూటా గుల్లను బయటికి లాగి, ట్రిగ్గర్ మీది కుంకుమను కండువాతో తుడిచాడు. చెంబులోని నీళ్ళతో పిల్ల బొటనవేలు కడిగాడు. ఇదంతా ఆయన చాలా నెమ్మదిగా, కవాతులో నేర్పిన పని చేసినట్టు చేశాడు. అప్పుడు నావైపు తిరిగాడు.

"నువ్వు ఇప్పుడే వచ్చినవ్ బిడ్డా" అన్నాడు.

ఆ తర్వాతే కోడలి తలను ఒడిలోకి తీసుకున్నాడు. ఆయన నోటినుంచి ఒక శబ్దం వచ్చింది. నేను దాన్ని మక్కచేలో విన్నాను.

మనవరాలికి తుపాకి చూపిస్తుంటే తన చేతిలో పేలిందని ఆయన పోలీసులకు చెప్పాడు. నేను వచ్చేసరికి తుపాకి ఆయన చేతిలో ఉందని నేను చెప్పాను. ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు, నేను సంతకం పెట్టాను. వాదన నిలబెట్టడం, వాదన పడగొట్టడం మూడేళ్ళు నేర్చుకున్నదాన్ని, ఆ అబద్ధం చెప్పడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

వదిన అన్నదమ్ములు ఇద్దరు దౌల్తాబాద్ వైపు నుంచి ట్రాలీ ఆటోలో వచ్చారు. వచ్చేటప్పుడే పార పిడులు తెచ్చారు. ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు, పోలీసులు పక్కనే ఉన్నారు. మొదటి దెబ్బ పడగానే ఆయన మడమలు కలిపి, చేతులు తొడలకు ఆనించి, సావధాన్‌లో నిలబడ్డాడు. మోచేయి విరిగిన చప్పుడు మాకందరికీ వినిపించింది. ఆ చెయ్యి అడ్డం పెట్టడానికి కూడా లేవలేదు. చెవినుంచి రక్తం కారి తెల్ల చొక్కా మీద పడుతుంటే ఎదురుగా గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. పడిపోయాక కూడా పెద్దవాడు కొట్టడం ఆపలేదు. దుకాణం నుంచి పరుగెత్తుకొచ్చిన కొడుకు మధ్యలో దూరాడు. అడ్డుపడటానికనుకున్నాం. అతను తండ్రి ఛాతీ మీద కాలితో తన్ని, అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఆ రోజు తర్వాత కొడుకు తండ్రితో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే పిల్లకు జడలు వేశారు, కానీ నాలుగేళ్ళలో ఒక్క మాట లేదు.

దినాలకు ముందు ఆ గది కడగడానికి మా అమ్మ, నేను చీపుర్లు పట్టుకుని వెళితే ఆయన తలుపు దగ్గరే ఆపాడు. ఒక చెయ్యి కట్టులో ఉంది. రెండో చేత్తో గోడను ఆయనే రుద్దాడు. సున్నం పెళ్ళలు ఊడేదాకా రుద్దాడు.

బెయిలు మీద వచ్చాక ఒక మధ్యాహ్నం నేను ఆయనను నిలదీశాను. అప్పటికి చట్టం పుస్తకాలు తిరగేశాను. ఏడేళ్ళు నిండని పిల్ల చేసింది నేరమే కాదని, ఆ పిల్ల మీద కేసే ఉండదని, ఈ అబద్ధం ఎవరినీ కాపాడటం లేదని చెప్పాను. నాకు తెలిసిన పద్ధతిలో, ఒకటి తర్వాత ఒకటిగా చెప్పాను. ఆయన అంతా విని, ఒకటే అడిగాడు.

"చట్టం ఇడిసిపెడ్తది బిడ్డా. బడి ఇడిసిపెడ్తదా?"

అయినా అబద్ధం అబద్ధమే కదా అన్నాను.

"తూట పెట్టింది నేను. సేఫ్టీ ఉన్నది గదా అని ఇడిసిపెట్టి పోయింది నేను. పొల్ల బొట్టు పెట్టింది, గంతే. దీంట్ల అబద్ధం ఏడున్నది?"

కోర్టులో ప్రమాణం చేయిస్తారని, అక్కడ మాత్రం నేను చూసిందే చెబుతానని అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతు పోటీలో ఉన్నంత స్పష్టంగా ఉంది. ఆయన బతిమాలలేదు, కోపగించుకోలేదు. కట్టు మీది పట్టీని సర్దుకున్నాడు.

"నీ ఇష్టం. గప్పటిదాంక పొల్ల జెర పెద్దదైతది" అన్నాడు.

వాయిదా తర్వాత వాయిదా పడింది. ప్రతి వాయిదాకూ ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, ఇంకో రెండు నెలలు గడువు దొరికిందని వచ్చి చెప్పేవాడు. తనకు గడువు దొరికినట్టు కాదు, పిల్లకు మరో రెండు నెలల వయసు దొరికినట్టు. ఆయన వకీలు ఒకసారి, ఇంట్లో ఇంత దుఃఖం జరిగిందని చెప్పి శిక్ష తగ్గించమని అడుగుదామన్నాడట. నేను సభలో వాడిన వాదనే అది. ఆయన ఒప్పుకోలేదు. దుఃఖం వేరు, తప్పు వేరు అన్నాడట.

అప్పుడు నాకు అర్థమైంది. నేను ఓడించిన ఆ చట్టం అడిగేది ఇదొక్కటే. కాల్చిన వేలు ఎవరిదని కాదు, ఆ వేలికి అందేలా పెట్టిన చెయ్యి ఎవరిదని. రాని చట్టాన్ని ఈయన తన ఒక్కడి మీద అమలు చేసుకుంటున్నాడు. నేనిప్పుడు కాలేజీలకు పిలిస్తే వెళ్ళి అటువైపు నిలబడి వాదిస్తాను. తాళం వేసిన పెట్టె ఉండాలని, ఉందో లేదో ఏటా వచ్చి చూసేవాడు ఉండాలని, దసరానాడు కూడా మినహాయింపు ఉండకూడదని చెబుతాను. చాలాసార్లు ఓడిపోతాను. నాకంటే చురుకైన పిల్లలు నేను ఒకప్పుడు అన్న మాటలే అంటారు, సభ నవ్వుతుంది.

బ్యాంకు కొలువు పోయాక ఆయనకు పిల్లను బడికి పంపడమే పని అయింది. పక్కన నడిచేవాడు కాదు, ఇరవై అడుగులు వెనక నడిచేవాడు. తన పక్కన కనిపిస్తే పిల్లలు దాన్ని ఏడిపిస్తారని. ఎలాగూ ఏడిపించారు. మీ తాత మీ అమ్మను చంపాడు కదా అని రెండో తరగతిలో అడిగారు, మూడో తరగతిలో అడిగారు. ఆ పిల్ల ఎవరికీ జవాబు చెప్పలేదు. ఒకరోజు ఒకమ్మాయి చేతిని రక్తం వచ్చేదాకా కొరికింది. టీచరు పిలిపిస్తే ఆయన వెళ్ళి, గది బయట నిలబడి క్షమాపణ చెప్పి వచ్చాడు. ఒక పేరు నుంచి తప్పించబోయి మేం ఆ పిల్ల నెత్తిన మరో పేరు పెట్టామని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు.

పోయిన నెల ఒక ఉదయం ఛాతీలో నొప్పి అన్నాడు. దవాఖానకు చేరేలోపే పోయాడు.

పదకొండో రోజు వదిన పుట్టింటివాళ్ళు వచ్చారు. నాలుగేళ్ళలో ఆ గడప తొక్కడం అదే మొదలు. తల్లి, ఇద్దరు కొడుకులు. చనిపోయినవాడి కోసం రాలేదని, పిల్లను తీసుకుపోవడానికి వచ్చామని పెద్దవాడు ముందే చెప్పాడు. తమ తోడబుట్టినది చచ్చిన ఇంట్లో ఇన్నాళ్ళూ పిల్లను ఉంచడమే తమకు అవమానమన్నాడు. పిల్ల తండ్రి తల ఎత్తలేదు. వాకిట్లో విస్తళ్ళు వేసి ఉన్నాయి, పదిమంది చుట్టాలు కూర్చుని ఉన్నారు.

పెద్దవాడు చేతులు కడుక్కుంటూ అన్నాడు. "సంపినోడు పోయిండు. ఇగ ఈ ఇంటి పీడ పోయింది."

ఆ పిల్ల నీళ్ళ చెంబు పట్టుకుని వాళ్ళ పక్కనే నిలబడి ఉంది. చెంబు కింద పెట్టింది.

"తాత సంపలే మామా. నా చేతులనే పేలింది. నేను బొట్టు పెడుతుంటి."

పెద్దగా అనలేదు. పాఠం ఒప్పజెప్పినట్టు అంది. ఎవరో చిన్నపిల్ల మాటలని సర్దబోయారు. ఆ పిల్ల వాళ్ళవైపు కాదు, నావైపు చూసింది. అప్పుడు అందరూ నావైపు చూశారు. నాలుగేళ్ళుగా నేను ఏ బోనులో నిలబడతానని అనుకున్నానో అది కోర్టులో లేదు, ఆ విస్తళ్ళ మధ్య ఉంది. అవును అన్నాను. నేను చేరేసరికి తుపాకి పిల్ల ఒడిలో ఉందని, తూటా పెట్టి వదిలేసింది ఆయనని, పోలీసులకు నేను అబద్ధం చెప్పానని అన్నాను.

పిల్ల తండ్రి లేచి గోడ దగ్గరికి వెళ్ళి, నుదురు ఆనించి నిలబడ్డాడు. ఒకసారి తల గోడకేసి కొట్టుకున్నాడు. ఎవరూ ఆపలేదు. పెద్దవాడు తడిచేతులను తుడుచుకోకుండా అలాగే పట్టుకుని ఉన్నాడు. అవే చేతులు.

అప్పుడు ముసలామె లేచింది, వదిన తల్లి. ఆమె నడిచి వస్తుంటే కొడుతుందనే అనుకున్నాం. పిల్లా అలాగే అనుకుంది, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడింది. ముసలామె దాని ముందు నేలమీద చతికిలబడింది.

"తుపాకి ఎనకకు తంతది గద బిడ్డా" అంది. "నీకు ఏడ తాకింది?"

పిల్ల కళ్ళు తెరిచి, గౌను మెడను పక్కకు లాగి చూపించింది. కుడి భుజానికీ మెడకూ మధ్య ఎముక మీద చిక్కుడుగింజంత బుడిపె ఉంది. విరిగి, తనంతట తాను అతుక్కున్న ఎముక. వదిన చనిపోయిన నెలంతా ఆ పిల్ల ఎడమచేత్తో అన్నం తింటుంటే బెదురు వల్ల అనుకున్నాం. దవాఖానకు తీసుకెళ్ళాలని మాలో ఎవరికీ తోచలేదు. మేం చెప్పిన కథలో ఆ పిల్లకు దెబ్బ తగిలే చోటే లేదు.

ముసలామె ఆ బుడిపె మీద అరచెయ్యి ఆనించింది. ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగింది.

"తాతకు జెప్తె ఏడుస్తడని" అంది పిల్ల.